ముందు అంకెలు, చివర పని

బళ్లారి కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు రెవిన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. జిల్లాలో బడులెన్ని, వాటిలో ఏం చెబుతున్నారు అని గవర్నరు థామస్ మన్రో అడిగించిన లెక్క అది. మొత్తం 533 బడులు తేలాయి. కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది, అది విడిపోయింది 1882లో. ఆ నివేదికలో పిల్లల లెక్కల చదువు గురించి నాలుగు మాటలున్నాయి. రోజుకు రెండుసార్లు పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక పెద్ద పిల్లవాడు చెబుతుంటే మిగతావాళ్లంతా కూడికలు, ఎక్కాలు, భిన్నాలు, కొలతలు గొంతెత్తి అప్పజెప్పేవాళ్లట.

ఆ ఎక్కాన్ని ఒకసారి నెమ్మదిగా విందాం. "ఏడెనిమిదులు యాభై ఆరు." ముందు ఏడు వచ్చింది, తర్వాత ఎనిమిది వచ్చింది. హెచ్చవేయాలన్న సంగతి ఆ రెండూ అయ్యాక, ఎనిమిది తోకకు 'లు' అంటుకుని వచ్చింది. వెంటనే జవాబు. బళ్లారిలో కన్నడ బడి పిల్లలు చెప్పే మగ్గి కూడా ఇదే వరసలో నడుస్తుంది: "ఎరడెరడ్ల నాల్కు." అదే పిల్లలు పలక మీద మాత్రం 7 × 8 అని రాస్తారు. నోటితో చెప్పినప్పుడు చివర ఉన్న గుర్తు, చేత్తో రాసేసరికి నడుమకు జరిగింది. ఇది మనకు అలవాటై పోయింది కనుక ఎవరికీ తేడాగా అనిపించదు.

కంప్యూటరు భాషల్లో ఒక చిన్న తెగ ఈ గుర్తును తిరిగి చివరకే చేర్చింది. 7 8 × అని రాయాలంటుంది. వీటిని స్టాక్ భాషలంటారు. ఫోర్త్, జాయ్, ఫ్యాక్టర్, పోస్ట్‌స్క్రిప్ట్ ఈ తెగలోవి. ప్రోగ్రామింగ్ నేర్చినవాళ్లలో చాలామంది వీటిని చూసి తలకిందుల భాషలని నవ్వుతారు. ఆ మాట ఇంగ్లిషు వాక్యంలో ఆలోచించేవాళ్లు అంటే అర్థం చేసుకోవచ్చు. తెలుగులోనో కన్నడంలోనో ఆలోచించేవాళ్లు అనడానికి పెద్దగా కారణం కనబడదు. ఈ భాషలు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ మనకు సులువో, ఎక్కడ నిజంగానే కష్టమో చూద్దాం.

బళ్లారి జీన్స్ కుట్టే ఊరు. కుట్టుమిషన్ల పక్కన కత్తిరించిన డెనిమ్ ముక్కలు దొంతిగా పేర్చి ఉంటాయి. కత్తిరించేవాడు కొత్త ముక్కను పైన పెడతాడు, కుట్టేవాడు పై ముక్కే తీసుకుంటాడు. అడుగునున్నది కావాలంటే పైవన్నీ కదలాలి. కంప్యూటరులో స్టాక్ అంటే ఇలాంటి దొంతే, ముక్కలకు బదులు అంకెలుంటాయి. చివర పెట్టినది మొదట బయటికొస్తుంది. ఈ భాషలో అంకె కనబడితే దొంతి మీద పెట్టడం, పని కనబడితే పైనుంచి కావలసినన్ని తీసుకుని ఫలితాన్ని మళ్లీ పైన పెట్టడం. నియమం ఇంతే.

ఒక దుకాణం పొద్దున 12, సాయంత్రం 8 ప్యాంట్లు అడిగింది, ఒక్కోటి 350 రూపాయలు అనుకుందాం. బడి పద్ధతిలో (12 + 8) × 350. స్టాక్ పద్ధతిలో ఇలా:

12 8 + 350 ×

ఎడమ నుంచి చదువుకుంటూ పోతే దొంతి ఇలా మారుతుంది:

12 చదవగానే: 12
8 చదవగానే: 12 8
+ చదవగానే: 20
350 చదవగానే: 20 350
× చదవగానే: 7000

బ్రాకెట్లు లేవు. బడి పద్ధతిలో ఆ బ్రాకెట్లు మరిచిపోతే లెక్క 2812 అవుతుంది, ఎందుకంటే హెచ్చవేత ముందు, కూడిక తర్వాత అని ఒక నియమం ఉంది. ఆ నియమాన్ని పిల్లలు బట్టీ పట్టాలి. స్టాక్ పద్ధతిలో ముందువెనకల నియమమే అక్కర్లేదు. రాసిన వరసే చేసే వరస.

ఇప్పుడు అదే లెక్కను నోటితో చెప్పండి. "పన్నెండూ ఎనిమిదీ కూడి, మూడొందల యాభైతో హెచ్చెయ్." అంకె, అంకె, పని, అంకె, పని. పైన రాసిన వరుసకూ దీనికీ ఒక్క మాట కూడా అటూఇటూ కాలేదు. మనకు క్రియ వాక్యం చివర వస్తుంది. ఇది తెలుగుకొక్కదానికే చెందిన గుణం కాదు. పైన చెప్పిన క్యాంప్‌బెలే బళ్లారికి రాకముందు, 1816లో మద్రాసులో ఒక తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. దాని పీఠికకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక గమనిక జోడించాడు. తెలుగు, కన్నడం, తమిళం ఒకే కుటుంబంలోవనీ, సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ ఉదాహరణలతో చూపించిన తొలి అచ్చు రచన అది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగిలినది మైసూరుకు పోయింది. గీత ఊళ్ల నడుమ పడింది. వాక్యం మాత్రం రెండు వైపులా ఒకే వరసలో నడుస్తోంది.

క్రియ చివర రావడం కంటే నాకు ఇంకా బాగా నచ్చే పోలిక మరొకటి ఉంది. మన భాషలో పనుల్ని గొలుసుగా చెబుతాం: "కూరగాయలు కడిగి, తరిగి, ఉడికించి, వడ్డించు." ముందు వచ్చిన ఫలితం మీదే తర్వాతి పని. మామూలు ప్రోగ్రామింగ్ భాషలో ఇదే సంగతి రాయాలంటే వడ్డించు(ఉడికించు(తరుగు(కడుగు(కూరగాయలు)))) అవుతుంది. చివర చేసే పని ముందు చదవాలి, మొదట చేసే పనికోసం లోపలికి తవ్వుకుంటూ పోవాలి. గణితంలో ప్రమేయాలు రాసే అలవాటు నుంచి వచ్చిన పద్ధతి అది. స్టాక్ భాషలో:

కూరగాయలు కడుగు తరుగు ఉడికించు వడ్డించు

మాటల్ని పక్కపక్కన పెట్టడమే ఒక పని ఫలితాన్ని ఇంకో పనికి అందించడం. ఇలా పక్కన చేర్చడమే కూర్పుకు మూలసూత్రంగా ఉన్న భాషల్నే కంకాటినేటివ్ భాషలంటారు.

బళ్లారి ఇంజనీరింగు విద్యార్థులకు ఇదంతా కొత్తేమీ కాకూడదు. విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం పాఠాల్లో, డేటా స్ట్రక్చర్స్ అనే సబ్జెక్టులో, 'ఇన్‌ఫిక్స్ నుంచి పోస్ట్‌ఫిక్స్‌కు మార్చుము' అనే ప్రశ్న ఉండనే ఉంటుంది. ఇన్‌ఫిక్స్ అంటే గుర్తు నడుమ ఉండే రాత, పోస్ట్‌ఫిక్స్ అంటే గుర్తు చివర ఉండే రాత. దానికి డైక్‌స్ట్రా 1961లో చెప్పిన పద్ధతిని పట్టిక గీసి చేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఎందుకు మార్చాలో మాత్రం చాలాసార్లు గాల్లోనే ఉండిపోతుంది. జవాబు చిన్నది: యంత్రానికి పోస్ట్‌ఫిక్సే సులువు. పైథాన్‌లో (అ + ఆ) * ధర అని రాస్తే, పైథాన్ దాన్ని లోపల అ తెచ్చుకో, ఆ తెచ్చుకో, కూడు, ధర తెచ్చుకో, హెచ్చెయ్ అనే ఆజ్ఞల వరుసగా మార్చుకుంటుంది. డిస్ అనే మాడ్యూలుతో ఎవరైనా ఆ వరుసను తెర మీద చూడొచ్చు. మనం చెప్పే వరుసను బడి గుర్తుల్లోకి మార్చి యంత్రానికిస్తున్నాం, యంత్రం దాన్ని మళ్లీ మనం చెప్పే వరుసలోకి తెచ్చుకుంటోంది.

చరిత్ర క్లుప్తంగా. బ్రాకెట్లు లేకుండా తర్కాన్ని రాయొచ్చని 1920ల్లో పోలండ్ తర్కవేత్త యాన్ వుకాసియెవిచ్ చూపించాడు. అతను గుర్తును ముందుకు తెచ్చాడు. దాన్ని చివరకు పంపి, దొంతితో కలిపి యంత్రానికి పనికొచ్చేలా చేసినవాళ్లలో ఆస్ట్రేలియా తత్వవేత్త చార్ల్స్ హాంబ్లిన్ ఒకడు, 1957లో. జర్మనీలో బాయర్, జామెల్సన్ ఇంచుమించు అదే కాలంలో దొంతి ఉపాయాన్ని కనుగొన్నారు. 1961లో బరోస్ కంపెనీ బి5000 అనే కంప్యూటరును స్టాక్ చుట్టూనే కట్టింది. 1972లో హ్యూలెట్ ప్యాకర్డ్ తెచ్చిన హెచ్‌పీ-35 చేతి కాలిక్యులేటరులో = మీటే లేదు, నాలుగు అరల దొంతి ఉండేది. 1981లో వచ్చిన హెచ్‌పీ-12సీని బ్యాంకులు, వడ్డీ లెక్కలు చూసేవాళ్లు దశాబ్దాల పాటు వదల్లేదు.

అసలు కథ చార్ల్స్ మూర్‌ది. 1960ల చివర అతను తన అవసరానికి ఒక చిన్న భాష కట్టుకున్నాడు. దాని పేరు ఫోర్త్. 1971లో అమెరికాలోని కిట్ పీక్ దగ్గర ఉన్న 11 మీటర్ల రేడియో టెలిస్కోపును ఆ భాషతో నడిపారు. దూరదర్శినిని తిప్పడం, సమాచారం పోగుచేయడం, తెరమీద గీయడం, అన్నీ ఒక చిన్న కంప్యూటరులో, ఈనాడు ఒక ఫోటోకు కూడా చాలని జ్ఞాపకశక్తితో. అక్కడే ఎలిజబెత్ రాదర్ ఆ భాష నేర్చుకుంది, తర్వాత మూర్‌తో కలిసి 1973లో ఫోర్త్ ఇంక్ కంపెనీ పెట్టింది.

అంత తక్కువ చోటులో ఎలా ఇమిడింది? ఫోర్త్‌కు వ్యాకరణం దాదాపు లేదు. ఖాళీ వచ్చేదాకా ఉన్నది ఒక మాట. ఆ మాట నిఘంటువులో ఉందా చూడు. ఉంటే ఆ పని చెయ్. లేకపోతే అది అంకేమో చూడు. అంకైతే దొంతి మీద పెట్టు. రెండూ కాకపోతే తెలియదని చెప్పు. భాష మొత్తం చుట్టూ తిరిగే చక్రం ఇదే. మిగతా పెద్ద భాషల్లో వాక్యాన్ని విడదీసి అర్థం చేసుకునే భాగం వేల వరుసలు పడుతుంది, ఇక్కడ ఆ అవసరమే లేదు.

నిఘంటువును ఎవరైనా పెంచుకోవచ్చు. రెండు చుక్కలతో మొదలుపెట్టి, అర్ధవిరామంతో ముగిస్తే కొత్త మాట తయారు. జీఫోర్త్ అనే ఉచిత ఫోర్త్ ఉంది. దానికి తెలుగు లిపితో పేచీ లేదు, ఖాళీ లేకుండా రాస్తే ఏ అక్షరాలైనా దానికి మాటే. ఇలా రాయొచ్చు:

: కూడు + ;
: హెచ్చెయ్ * ;
: చెప్పు . ;

ఇంతటితో ఈ వరుస పనిచేస్తుంది:

12 8 కూడు 350 హెచ్చెయ్ చెప్పు

తెర మీద 7000 వస్తుంది. ఇది ఆటబొమ్మ కాదు, యంత్రం దృష్టిలో + ఎంత అసలైన మాటో కూడు అంతే అసలైనది. మామూలు భాషలో తెలుగు పేర్లు పెట్టినా, చుట్టూ ఉన్న బ్రాకెట్లు, కామాలు, క్రియ ముందుండే వరస ఇంగ్లిషు వాక్యాన్నే గుర్తుచేస్తాయి. జపాన్ వాళ్లు ఈ సంగతి ముందే పట్టారు. వాళ్ల వాక్యంలోనూ క్రియ చివరే. 1980ల్లో అక్కడ ఫోర్త్ పునాది మీద మైండ్ అనే జపనీస్ ప్రోగ్రామింగ్ భాష వచ్చింది.

షరతు దగ్గర ఈ పోలిక ఇంకా చక్కగా కుదురుతుంది. ఫోర్త్‌లో ముందు పరీక్ష, తర్వాత ఇఫ్, దాని తర్వాత చేయవలసిన పని, చివర దెన్. ఇంగ్లిషు పాఠకుడికి ఇది చదవబుద్ధి కాదు, అతనికి ఇఫ్ వాక్యం మొదట్లో ఉండాలి. మనం మాత్రం ఎప్పుడూ "ఐదువేలు దాటితే" అంటాం, షరతంతా చెప్పాకే 'అయితే' వస్తుంది. ఇఫ్‌కు 'అయితే' అనీ, దెన్‌కు 'అంతే' అనీ పేరు పెట్టుకుంటే (దీనికి ఫోర్త్‌లో కాస్త అదనపు మంత్రం కావాలి, ఇక్కడ వివరించను) ఇలా రాసుకోవచ్చు. బిల్లు ఐదువేలు దాటితే నూటికి పది తగ్గింపు:

: తగ్గింపు 90 * 100 / ;
: బిల్లు డూప్ 5000 > అయితే తగ్గింపు అంతే ;

యంత్రంలో డూప్ అన్న మాటను ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ చదవడానికి తెలుగులో రాశాను. దొంతి పైనున్న అంకెకు నకలు తీసి పైన పెట్టడం దాని పని. పోల్చడంలో ఒక నకలు ఖర్చయిపోతుంది కనుక రెండోది మిగలాలి. 7000 బిల్లు చెప్పు అంటే 6300 వస్తుంది. 4200 బిల్లు చెప్పు అంటే 4200 అలాగే ఉంటుంది.

ఇక ఈ భాషల రూపకల్పనలో నిజంగా అందమైన గుణం. 12 8 కూడు 350 హెచ్చెయ్ బిల్లు చెప్పు అనే వరుసను ఏ రెండు మాటల మధ్యనైనా కత్తిరించండి. రెండు ముక్కలకూ అర్థం ఉంటుంది. '12 8 కూడు' దొంతి మీద ఇరవై పెడుతుంది. '350 హెచ్చెయ్ బిల్లు' అనేది ఏ అంకెనైనా తీసుకుని సొమ్ముగా మార్చే ముక్క. దానికి పేరు పెట్టాలంటే ఎత్తి రెండు చుక్కల పక్కన పెట్టడమే:

: సొమ్ము 350 హెచ్చెయ్ బిల్లు ;

12 8 కూడు సొమ్ము చెప్పు అంటే పని అయిపోయింది. ముక్కను తీసిన చోట పేరు పెడితే ఫలితం మారదు. (12 + 8) × 350 ను ఎక్కడ పడితే అక్కడ కోయండి, '8) × 350' లాంటి ముక్కలు వస్తాయి, వాటికి అర్థం లేదు. మామూలు భాషలో ఒక పనిని విడదీయాలంటే దానికి వచ్చే విలువలకు పేర్లు పెట్టాలి, ఆ పేర్లను బ్రాకెట్లో పంపాలి, తిరిగొచ్చినదాన్ని ఇంకో పేరులో పట్టాలి. ఇంత కూలి ఉంటే ఎవరు విడదీస్తారు? అందుకే మామూలు భాషల్లో రెండొందల వరుసల పనులు పెరుగుతాయి. ఫోర్త్ రాసేవాళ్ల మాటలు ఒకటి రెండు వరుసలు దాటవు. మూర్ ఈ విడదీయడాన్నే పెద్ద విద్యగా చూశాడు.

ఈ గుణానికి సిద్ధాంత రూపం ఇచ్చినవాడు ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాన్‌ఫ్రెడ్ ఫాన్ టున్. అతని జాయ్ భాషలో ప్రతి మాటా దొంతిని తీసుకుని దొంతిని ఇచ్చే ప్రమేయం, అంకె కూడా అంతే: 5 అంటే 'దొంతి మీద ఐదు పెట్టే పని'. అలా చూస్తే ప్రోగ్రాములో వస్తువులు, పనులు అనే తేడా పోతుంది, అన్నీ పనులే. జాయ్‌లో చదరపు బ్రాకెట్లలో పెట్టిన ప్రోగ్రాము వెంటనే జరగదు, దొంతి మీద వస్తువులా కూర్చుంటుంది. దాన్ని ఇంకో పని ఎత్తుకుని వాడుకుంటుంది:

[ 7000 4200 ] [ తగ్గింపు ] మ్యాప్

జాబితాలోని ప్రతి సొమ్ముకూ తగ్గింపు వేస్తే [ 6300 3780 ] వస్తుంది. 2003లో స్లావా పెస్టోవ్ మొదలుపెట్టిన ఫ్యాక్టర్ ఫోర్త్, జాయ్ దారులు రెండింటినీ కలిపింది.

ఇలాంటి భాషలు మనకు ఎక్కడా కనబడవు కదా అనిపించొచ్చు. కనబడకుండా ఉన్నాయి. 1984లో అడోబీ కంపెనీ తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ పూర్తి స్టాక్ భాష. పేజీ మీద ఏం గీయాలో ప్రింటరుకు అంకెలు ముందు, ఆజ్ఞ తర్వాత అన్న వరుసలో చెబుతుంది. దాని వారసుడైన పీడీఎఫ్‌లో పేజీ వివరణ నేటికీ అదే వరుసలో ఉంటుంది. పహాణీ అయినా హాల్‌టికెట్ అయినా పీడీఎఫ్‌గా దించుకుంటే, లోపల 'ఇంత, ఇంత, అక్కడికి జరుగు' అని రాసి ఉంటుంది. డీటీపీ కాలంలో తెలుగు పత్రికలకు అక్షరాలందించిన టైప్ 1 రకం ఫాంట్లలో అక్షరం ఒంపు కూడా ఇంతే: ముందు కొలతలు, చివర 'వంపు గియ్' అనే ఆజ్ఞ. మన 'ఱ' సున్న చుట్టుకున్నది పోస్ట్‌ఫిక్స్‌లో అన్నమాట. పాత నోకియా ఫోన్లలో ఆడిన జావా ఆటల కింద ఉన్న యంత్రం స్టాక్ యంత్రం (ఆండ్రాయిడ్ ఆ దారి వదిలేసింది). బిట్‌కాయిన్ లావాదేవీలో ఎవరు ఖర్చుపెట్టొచ్చో తేల్చే చిన్న భాష ఫోర్త్‌కు దగ్గరి చుట్టం. 2014 నవంబరు 12న 67పీ అనే తోకచుక్క మీద దిగిన ఫైలీ నౌకలో ఆర్‌టీఎక్స్2010 అనే ప్రాసెసర్లున్నాయి. అవి ఫోర్త్ కోసమే స్టాకు చుట్టూ రూపుదిద్దుకున్నవి.

అంత మంచిదైతే అందరూ ఎందుకు వాడరు? జ్ఞాపకశక్తి చౌకయింది, సీ భాష గెలిచింది, కంపెనీలకు వందలమంది చదవగలిగే కోడ్ కావాల్సొచ్చింది. అయితే భాషలోనే ఒక కష్టం ఉంది, దాన్ని దాచడం మర్యాద కాదు. విలువలకు పేర్లుండవు, స్థానాలే ఉంటాయి. ఐదు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గుడ్డకు వైశాల్యం, చుట్టుకొలత రెండూ కావాలనుకోండి:

5 3 ఓవర్ ఓవర్ * . + 2 * .

పైనుంచి రెండో అంకెకు నకలు తీసి పైన పెట్టేది ఓవర్. మొదటి ఓవర్‌తో దొంతి 5 3 5. రెండో ఓవర్‌తో 5 3 5 3. హెచ్చవేస్తే 5 3 15, చెప్పించేస్తే 5 3 మిగిలింది. కూడితే 8, రెట్టింపు 16. జవాబులు సరే. కానీ ఈ వరుసలో పొడవు ఏది, వెడల్పు ఏది? చదివేవాడు తల్లో దొంతి పేర్చుకుంటూ రావాలి. మూడు నాలుగు విలువలుంటే ఓవర్‌తో పాటు స్వాప్, రాట్, డ్రాప్ అని దొంతిని కలియబెట్టే మాటలు పెరిగిపోతాయి, లెక్క వాటి కింద పూడిపోతుంది. ఒక నెల తర్వాత తమ కోడే తమకు అర్థం కాదని ఫోర్త్ వాళ్ల మీద ఉన్న జోకు ఇక్కడి నుంచే పుట్టింది. ఫ్యాక్టర్ దీనికి రెండు మందులిచ్చింది: ప్రతి మాటా దొంతి మీద నుంచి ఎన్ని తీసుకుని ఎన్ని పెడుతుందో ముందే ప్రకటించాలి, ప్రకటన తప్పైతే ప్రోగ్రాము నడవకముందే చెబుతుంది, మరీ చిక్కైన చోట పేర్లు వాడుకోనిస్తుంది. ఫోర్త్ ప్రమాణం కూడా చివరికి స్థానిక పేర్లను ఒప్పుకుంది.

మన వాక్యానికీ స్టాకుకూ ఉన్న పోలిక విరిగేది కూడా సరిగ్గా ఇక్కడే. తెలుగులో "పదిలోంచి మూడు తీసెయ్" అన్నా "మూడు పదిలోంచి తీసెయ్" అన్నా ఏడే. స్థానం మారినా 'లోంచి' అన్న విభక్తి పదికి అంటిపెట్టుకునే ఉంటుంది. స్టాకులో 10 3 తీసెయ్ ఏడు, 3 10 తీసెయ్ మైనస్ ఏడు. క్రియ చివర ఉండడాన్ని స్టాక్ తీసుకుంది, విభక్తిని వదిలేసింది. మన వాక్యానికి ఆ రెండూ ఒకదానికొకటి ఊతం.

'లోంచి'ని ఫోర్త్‌లో చేర్చాలని చూస్తే ఏమవుతుంది? పై రెండు అంకెల్ని తారుమారు చేసే మాటగా పెడదాం:

: తీసెయ్ - ;
: లోంచి స్వాప్ ;

3 10 లోంచి తీసెయ్ అంటే ఏడు వస్తుంది, చూడడానికి అచ్చం తెలుగు. 10 లోంచి 3 తీసెయ్ అంటే మాత్రం, 'లోంచి' దగ్గరికి వచ్చేసరికి దొంతి మీద పది ఒక్కటే ఉంది, తారుమారు చేయడానికి రెండోది లేదు. యంత్రం దొంతిలో చాలినన్ని అంకెలు లేవని తిడుతుంది. తిడితే అదృష్టమే. కింద వేరే లెక్క తాలూకు అంకె ఉందనుకోండి, దాన్ని పైకి లాగి, మాట్లాడకుండా తప్పు జవాబు ఇస్తుంది.

మంచి దారి ఒకటుంది, దీన్ని చిన్న తెలుగు స్టాక్ భాష కట్టాలనుకునే విద్యార్థి ఎవరైనా ప్రాజెక్టుగా చేయొచ్చు. దొంతి మీద అంకె ఒంటరిగా కాక, ఒక చీటీతో పాటు ఉండాలి. మామూలుగా చీటీ ఖాళీ. 'లోంచి' పని పైనున్న అంకె చీటీ మీద ముద్ర వేయడమే, అంకెను కదపదు. 'తీసెయ్' పై రెండు అంకెల్నీ తీసుకుని, లోంచి ముద్ర దేని మీద ఉందో చూసి, దాన్నుంచి రెండోదాన్ని తీసి, ఫలితాన్ని ఖాళీ చీటీతో పెడుతుంది. ముద్ర ఎక్కడా లేకపోతే పాత వరుసే. అప్పుడు 10 లోంచి 3 తీసెయ్, 3 10 లోంచి తీసెయ్, 10 3 తీసెయ్, మూడూ ఏడే. ప్రతి మాటా ఇంకా దొంతిని తీసుకుని దొంతిని ఇచ్చే పనే కనుక, ఎక్కడ కోసినా ముక్కకు అర్థం ఉండాలన్న గుణం చెడదు. ఖర్చు ఉంది: ప్రతి అంకెకూ కాస్త అదనపు చోటు, ప్రతి క్రియా చీటీలు చూసుకునే ఆలస్యం. 1971లో కిట్ పీక్ కంప్యూటరుకు అది భారమయ్యేది, ఈనాటి చవక ఫోనుకు కాదు.

బళ్లారిలో ఈ భాషకు రెండో నిఘంటువు కూడా పెట్టొచ్చు. 'కూడు'కు కూడిసు, 'హెచ్చెయ్'కు గుణిసు, 'తీసెయ్'కు కళె, 'చెప్పు'కు హేళు, 'లోంచి'కి రింద. 10 లోంచి 3 తీసెయ్ చెప్పు అన్న వరుస 10 రింద 3 కళె హేళు అవుతుంది. మాటకు మాట మారింది, వరస మారలేదు. అనువాదానికి వాక్యాన్ని విప్పి కట్టే ప్రోగ్రాము అక్కర్లేదు, నిఘంటువు మారిస్తే చాలు. రెండు అంకెల మీదా ముద్ర పడితే, అంటే ఎవరైనా 10 లోంచి 3 లోంచి తీసెయ్ అని కొడితే, క్రియకు ఏం చేయాలో తెలియదు. అక్కడ యంత్రం ఇవ్వాల్సిన తప్పు సందేశం తెలుగు నిఘంటువులో "దేన్ని తీసెయ్యాలి?", కన్నడ నిఘంటువులో "యావుదన్ను కళెయబేకు?"